బ్రెగ్జిట్ తప్పా, ఒప్పా? లారీల కాగితాలు చూసే మనిషి జవాబు

మీ ప్రశ్న ఇదీ: కాలేజీలో డిబేట్ పెట్టారు, అంశం "ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం సమంజసమేనా". ఏ పక్షం మాట్లాడాలో ముందు రోజు దాకా చెప్పరు, కాబట్టి రెండు వైపులా సిద్ధమవ్వాలి. అక్కడి జనం అబద్ధాలు నమ్మి మోసపోయారా, చివరికి తేలింది నష్టమా లాభమా, దీన్ని మన తెలుగు రాష్ట్రాల విభజనతో పోల్చవచ్చా అని అడిగారు.

నేను 2004లో చదువుకోవడానికి ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మిడ్‌లాండ్స్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో కస్టమ్స్ క్లియరెన్స్ చూస్తాను. లారీ ఇక్కడి గోడౌన్‌లో లోడై ఫ్రాన్స్‌కో, పోలండ్‌కో, ఐర్లండ్‌కో చేరేదాకా దానికి కావలసిన కాగితాలన్నీ మా సెక్షన్ పని. 2016లో సమాఖ్యలో ఉండాలా, వైదొలగాలా అని పెట్టిన రెఫరెండంలో నేనూ ఓటు వేశాను. సమాఖ్యలో ఉండాలనే వేశాను. కింద రాసేది చదివేటప్పుడు ఆ సంగతి మీకు తెలిసి ఉండాలని ముందే చెబుతున్నాను.

విభజన పోలికతో మొదలుపెడతాను, మన పిల్లలు ఎక్కువగా జారిపడేది అక్కడే. 2014 జూన్ 2 తర్వాత కూడా గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్ళే మిర్చి లారీకి సుంకం పడలేదు, డ్రైవర్‌కి వీసా అక్కర్లేకపోయింది. రూపాయి అదే, పార్లమెంటు అదే, సుప్రీంకోర్టు అదే. విభజన చట్టం 9, 10 షెడ్యూళ్ళలోని సంస్థల పంపకం ఏళ్ల తరబడి తేలకపోయినా, తగవు తీర్చమని అడగడానికి పైన ఢిల్లీ ఉంది. అన్నదమ్ములు ఒకే కప్పు కింద వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు. బ్రిటన్ కోరుకున్నది ఆ కప్పు కింద నుంచే బయటికి రావడం. అందుకే విభజన పోలిక ఎత్తుకుంటే ఎదుటి పక్షం రెండు మాటల్లో పడగొడుతుంది.

మన దగ్గర నుంచే పోలిక కావాలంటే జీఎస్టీని తీసుకోండి. 2017 జూలై 1కి ముందు రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఉండేవి. లారీలు గంటల తరబడి క్యూలో నిలబడేవి. వేబిల్లులో తేడా కనబడితే బండి పక్కన పెట్టించేవాళ్ళు. జీఎస్టీతో ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు. అది ఎంత మార్పో పాత లారీ డ్రైవర్లని అడిగితే చెబుతారు. ఐరోపా దేశాలు తమ మధ్య ఆ పని 1993 జనవరిలోనే చేశాయి. 2021 జనవరి 1న బ్రిటన్‌కీ వాటికీ మధ్య కస్టమ్స్ కాగితాలు మళ్ళీ వచ్చాయి. మన దేశం చెక్‌పోస్టులు ఎత్తేసిన మూడున్నరేళ్ళకి ఇక్కడ పెట్టారన్నమాట. సరుకు సంగతి వరకు బ్రెగ్జిట్ అంటే ఇదే.

ఇక జనం మోసపోయారా అన్న ప్రశ్న. ఈ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అలా ఓటేసిన మనుషులతో కలిసి పనిచేశాను.

ఓటింగు రోజు, 2016 జూన్ 23న, మా గోడౌన్‌లో ముగ్గురం కలిసి టీ తాగాం. ఒకాయన అరవైకి దగ్గరపడిన ఇంగ్లిష్ డ్రైవర్. ఇంకొకామె పోలండ్ నుంచి వచ్చి పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న ప్యాకింగ్ సూపర్‌వైజర్. మూడో మనిషిని నేను, అప్పటికింకా భారత పాస్‌పోర్టే. ఆ ముగ్గురిలో ఓటున్నది ఆయనకీ, నాకూ. కామన్వెల్త్ దేశాల పౌరులకి ఇక్కడ నివాస అనుమతి ఉంటే ఆ రెఫరెండంలో ఓటు హక్కు ఇచ్చారు. ఐరోపా దేశాలవాళ్ళలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఇవ్వలేదు. ఆమె ఇక్కడ ఏ హక్కుతో ఉంటుందో తేల్చే ఓటు నా చేతిలో ఉంది, ఆమె చేతిలో లేదు. ఆ రోజు ఆమె పెద్దగా మాట్లాడలేదు.

డ్రైవర్ గారు వైదొలగాలనే ఓటేశారు. ఆయన చెప్పిన కారణం నాకు బాగా గుర్తుంది. 1975లో ఇలాంటి ఓటే పెట్టినప్పుడు, పద్దెనిమిది నిండగానే, ఆయన ఐరోపాతో ఉండాలని ఓటేశారట. అప్పుడు 67 శాతం మంది అలాగే వేశారు. "నేను ఒప్పుకున్నది మార్కెట్‌కి, నా పార్లమెంటు పైన ఇంకో ప్రభుత్వానికి కాదు" అన్నారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యకండి. 1973లో బ్రిటన్ చేరినప్పుడు దాని పేరు ఐరోపా ఆర్థిక సముదాయం. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద సంతకాలయ్యాక అది సమాఖ్య అయింది, ఉమ్మడి కరెన్సీకి దారి వేసింది. ఈ మధ్యలో ఫాక్టర్‌టేమ్ అనే కేసు వచ్చింది. మీకు వైదొలగే పక్షం వస్తే ఈ పేరు తప్పకుండా వాడండి. స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉన్న చేపల పడవలు బ్రిటిష్ జెండా పెట్టుకుని బ్రిటన్ కోటాలో చేపలు పట్టకుండా 1988లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది ఐరోపా చట్టానికి విరుద్ధమని తేలి, చివరికి బ్రిటన్ కోర్టులే దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. శతాబ్దాలుగా తన పార్లమెంటుకి మించినది లేదనుకున్న దేశానికి అది చిన్న సంగతి కాదు.

వలసల విషయం కూడా అంతే. 2004 మే 1న పోలండ్‌తో సహా పది దేశాలు సమాఖ్యలో చేరాయి. వాటి కార్మికులకి మొదటి రోజు నుంచే తలుపులు తీసినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. జర్మనీ, ఫ్రాన్స్ లాంటివి ఏళ్లపాటు ఆపాయి. ఏడాదికి నికరంగా 5,000 నుంచి 13,000 మంది వస్తారని ప్రభుత్వం వేయించిన అంచనా. వచ్చినవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. వాళ్ళు కష్టపడి పనిచేశారు, పన్నులు కట్టారు, నేను కళ్ళారా చూశాను. కానీ లింకన్‌షైర్‌లోని బోస్టన్ లాంటి చిన్న ఊళ్ళో జనాభా అంత వేగంగా మారితే స్కూళ్ళూ ఆసుపత్రులూ ఇళ్ళూ ఆ వేగంతో పెరగలేదు. ఆ ఊళ్ళో 75.6 శాతం మంది వైదొలగాలని ఓటేశారు. వాళ్ళందరికీ జాతి ద్వేషం అంటగడితే అది న్యాయం కాదు. కొందరిలో ద్వేషం ఉంది, దాన్ని రెచ్చగొట్టిన నాయకులూ ఉన్నారు. రెఫరెండం తర్వాత కొన్ని నెలలు మా సూపర్‌వైజర్‌ని బస్సులో "ఇంకా పోలేదా" అని అడిగినవాళ్ళు ఉన్నారు.

మరి అబద్ధాలు లేవా అంటే, ఉన్నాయి. ప్రచారంలో తిప్పిన ఎర్ర బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లు ఐరోపాకి పంపుతున్నామని, ఆ డబ్బు ప్రభుత్వ వైద్యసేవకి పెడదామని రాశారు. బ్రిటన్‌కి 1984 నుంచి రిబేటు, అంటే కట్టవలసినదాంట్లో తగ్గింపు, ఉండేది. దాన్ని ముందే మినహాయించుకుంటే వారానికి కట్టేది 25 కోట్ల దగ్గర. అందులో మళ్ళీ రైతులకీ వెనకబడిన ప్రాంతాలకీ తిరిగి వచ్చేది ఉంది. ఆ అంకె జనాన్ని తప్పుదారి పట్టిస్తుందని దేశ గణాంకాల పర్యవేక్షణ సంస్థ చెప్పినా ఆపలేదు. రెండో వైపు కూడా కడిగిన ముత్యం కాదు. వైదొలగాలని ఓటేస్తే చాలు, వెంటనే మాంద్యం వస్తుందని ఆర్థిక శాఖ లెక్కలు వేసి భయపెట్టింది. ఆ మాంద్యం రాలేదు. వెంటనే పడింది పౌండు. వంద రూపాయల దగ్గర ఉన్నది ఆ అక్టోబరుకి 80ల్లోకి దిగింది. ఇంటికి డబ్బు పంపి ఊళ్ళో లోన్ కట్టుకునే మా లాంటివాళ్ళకి ఆ రోజుల్లో ఒకటే టెన్షన్.

అంటే నా జవాబు: జనాన్ని తప్పుదారి పట్టించారు, నిజమే, కానీ వైదొలగాలని వేసిన ఓటంతా ఆ మోసం వల్లే పడిందనడం తప్పు. 72.2 శాతం పోలింగ్. వైదొలగాలన్నవాళ్ళు 51.9 శాతం, 1 కోటి 74 లక్షల మంది. ఉండాలన్నవాళ్ళు 48.1 శాతం, 1 కోటి 61 లక్షల మంది. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండాలన్నారు. ఇంగ్లండ్, వేల్స్ వద్దన్నాయి.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, నా మటుకు నాకు అది బ్యాలెట్ పేపరులో ఉంది. దాని మీద ఉన్నవి రెండే: సభ్యదేశంగా ఉండాలా, వైదొలగాలా. వైదొలిగి ఎక్కడికి వెళ్ళాలో లేదు. నార్వే సమాఖ్యలో లేదు కానీ సింగిల్ మార్కెట్‌లో ఉంది, అంటే సరుకుల నిబంధనలు, మనుషుల రాకపోకలు ఒప్పుకుంది. టర్కీ సింగిల్ మార్కెట్‌లో లేదు కానీ పారిశ్రామిక వస్తువుల వరకు కస్టమ్స్ యూనియన్‌లో ఉంది, అంటే బయటి దేశాల సరుకు మీద ఐరోపా వేసే సుంకమే తనూ వేస్తుంది. కెనడాది వాణిజ్య ఒప్పందం మాత్రమే. ఈ మూడూ "బయట ఉండటమే". మూడింటికీ మధ్య నా టేబుల్ మీదికి వచ్చే కాగితాల్లో నేలకీ నింగికీ ఉన్నంత తేడా. వైదొలగాలన్న 1 కోటి 74 లక్షల మందిలో ఎవరు దేన్ని కోరుకున్నారో ఎవరూ అడగలేదు.

అడగకపోవడమే కాదు, జనం వైదొలగాలని ఓటేస్తే ఏం చెయ్యాలో ముందుగా ప్లాన్ వెయ్యవద్దని అప్పటి ప్రధాని డేవిడ్ కామెరన్ ప్రభుత్వం అధికారులకి చెప్పింది. పార్లమెంటు విదేశాంగ కమిటీ ఆ తర్వాత దీన్ని ఘోరమైన నిర్లక్ష్యమని తప్పుపట్టింది. నేను ఉండాలని ఓటేసినవాణ్ణి, అయినా కామెరన్ మీద నాకు కోపం ఎక్కువ. తన పార్టీలో గొడవ సద్దుమణుగుతుందని, సమాఖ్య నుంచి బయటికి రావాలంటూ ఓట్లు గుంజుకుపోతున్న యూకిప్ పార్టీకి అడ్డుకట్ట పడుతుందని 2013లో రెఫరెండం మాట ఇచ్చాడు. ఓడిపోగానే మర్నాడు రాజీనామా ప్రకటించాడు. ఇలాంటి ఓటు పెట్టడానికి మంచి పద్ధతి లేకపోలేదు. న్యూజీలండ్ తన ఎన్నికల విధానం మార్చాలనుకున్నప్పుడు 1992లో ఒకసారి, మార్చాలా, మారిస్తే ఏ విధానం కావాలి అని అడిగింది. గెలిచిన విధానాన్ని పాతదానితో పోటీకి పెట్టి 1993లో తుది ఓటు తీసుకుంది. ఇక్కడ మొదటే రెండు మెట్లు పెట్టుకుని ఉంటే, తర్వాత ఓడినవాళ్ళు రెండో రెఫరెండం కోసం ఊరేగింపులు తీయవలసి వచ్చేది కాదు. గెలిచినవాళ్ళు దాన్ని ద్రోహం అనాల్సి వచ్చేది కాదు. ఓటు అయిపోయాక రెండో ఓటు అడగడం మాత్రం నాకు నచ్చలేదు, నా స్నేహితులు చాలామంది ఆ ఊరేగింపుల్లో నడిచినా సరే.

ఆ ఖాళీ వల్లే మూడున్నరేళ్ళు పోయాయి. 2017 మార్చి 29న కొత్త ప్రధాని థెరెసా మే వైదొలుగుతున్నామని సమాఖ్యకి నోటీసు ఇచ్చింది, రెండేళ్ళ గడువు మొదలైంది. ఆవిడ తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న 432కి 202 ఓట్లతో పార్లమెంటు ఓడించింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఓడించింది. ఆవిడ స్థానంలో బోరిస్ జాన్సన్ ప్రధానిగా వచ్చాడు, పార్లమెంటుని కొన్ని వారాలు మూయించాడు, అది చెల్లదని సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీలూ ఒక్క మాటగా కొట్టేశారు. డిసెంబరు ఎన్నికల్లో 80 సీట్ల ఆధిక్యంతో గెలిచి, 2020 జనవరి 31 రాత్రి దేశాన్ని బయటికి తీసుకువచ్చాడు. కోర్టుల సంగతులూ ఓటింగుల సంగతులూ మీకు ఎక్కడైనా దొరుకుతాయి. డిబేట్‌కి అంతకంటే ముఖ్యమైనది, తెలుగులో ఎవరూ సరిగా చెప్పనిది ఐర్లండ్ సరిహద్దు.

ఐర్లండ్ ద్వీపంలో రెండు భాగాలు. దక్షిణాన ఐర్లండ్ రిపబ్లిక్, అది సమాఖ్య సభ్యదేశం. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగం. మధ్యలో సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు, దాన్ని దాటే రోడ్లు 200కి పైగా. కొన్ని పొలాలు సగం ఇటు, సగం అటు. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో ఉండాలా, రిపబ్లిక్‌లో కలవాలా అన్న గొడవతో మూడు దశాబ్దాలు సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో ఆ సరిహద్దు మీద సైనికుల కాపలా టవర్లు, తనిఖీలు. 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే ఒప్పందంతో శాంతి వచ్చింది. రెండు వైపులా ఐరోపా సమాఖ్యలోనే ఉన్నాయి కాబట్టి సరుకు తనిఖీ చేయవలసిన అవసరం అప్పటికే లేదు, ఒప్పందంతో సైనికులూ వెళ్ళిపోయారు. ఇవాళ న్యూరీ నుంచి డండాక్ వైపు కారులో వెళ్తే సరిహద్దు దాటినట్టు తెలిసేది స్పీడ్ బోర్డు వల్ల. మైళ్ళ లెక్క పోయి కిలోమీటర్ల లెక్క వస్తుంది.

ఇప్పుడు బ్రిటన్ మూడు కోరికలు కోరింది. సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్ రెండింటి నుంచీ బయటికి రావాలి. ఐర్లండ్ సరిహద్దులో చెక్‌పోస్టు పెట్టకూడదు. ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య కూడా చెక్‌పోస్టు ఉండకూడదు. మూడూ కలిపి కుదరవు. రెండు వేర్వేరు సుంకాలు, రెండు వేర్వేరు ఆహార నిబంధనలు ఉన్న ప్రాంతాల మధ్య సరుకుని ఎక్కడో ఒకచోట చూడాల్సిందే. మే మొదటి కోరికని కాస్త వదులుకోబోయింది, అందుకే సొంత పార్టీవాళ్ళే ఓడించారు. జాన్సన్ మూడోదాన్ని వదులుకున్నాడు. ఉత్తర ఐర్లండ్‌ని సరుకుల వరకు ఐరోపా నిబంధనల్లోనే ఉంచి, తనిఖీని సముద్రం మీదికి జరిపాడు.

అది మాకు ఎలా ఉందంటే, 2021లో ఇంగ్లండ్ నుంచి ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌కి, అంటే ఒకే దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, సూపర్‌మార్కెట్ సరుకు పంపడానికి డిక్లరేషన్లు నింపవలసి వచ్చింది. బ్రిటన్‌తో కలిసి ఉండాలనే యూనియనిస్టులకి తమని దేశం నుంచి విడగొట్టినట్టు అనిపించింది. వాళ్ళ ప్రధాన పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరిలో బెల్‌ఫాస్ట్ ప్రభుత్వం నుంచి బయటికి వచ్చేసింది, రెండేళ్ళపాటు అక్కడ ప్రభుత్వమే నడవలేదు. 2023 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని రిషి సునాక్ ఐరోపాతో విండ్సర్ ఒప్పందం చేసుకున్నాడు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకి పచ్చ దారి, రిపబ్లిక్‌లోకి వెళ్ళే అవకాశం ఉన్నదానికి ఎర్ర దారి. పని తగ్గింది, పోలేదు.

ఇక నష్టం, లాభం. 2020 డిసెంబరు చివర్లో కుదిరిన వాణిజ్య ఒప్పందం గురించి "సుంకం సున్నా, కోటా సున్నా" అని మీరు చదివి ఉంటారు. నిజమే. కానీ ఆ సున్నా బ్రిటన్‌లోగానీ ఐరోపాలోగానీ తయారైన సరుకుకే. మా దగ్గరికి వచ్చే ఒక చిన్న వ్యాపారి తిరుప్పూర్‌లో కుట్టిన బట్టలు తెప్పించుకుని ఇంగ్లండ్‌లో అమ్ముతాడు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని షాపులు నెలకి కొన్ని కార్టన్లు ఆర్డర్ ఇచ్చేవి. 2020 దాకా అవి మాంచెస్టర్‌కి పంపినట్టే పంపాం. 2021 నుంచి ఆ బట్టలకి బ్రిటన్‌లో ఒకసారి సుంకం కట్టాక, ఐర్లండ్‌లో మళ్ళీ కట్టవలసి వచ్చింది. అవి పుట్టింది భారత్‌లో, ఇంగ్లండ్‌లో కాదు. పెద్ద కంపెనీలు బాండెడ్ గోడౌన్లు, అంటే సుంకం కట్టకుండానే సరుకు ఉంచుకునే గోడౌన్లు, పెట్టుకుని ఈ రెండో సుంకం తప్పించుకుంటాయి. ఆయనకి అంత స్తోమత లేదు. డబ్లిన్ ఆర్డర్లు మానేశాడు. గణాంకాల్లో ఇలాంటివాళ్ళే పెద్ద సంఖ్యలో మాయమయ్యారు. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, చిన్నవాళ్ళు ఐరోపాకి పంపడమే ఆపేశారు.

ఆ జనవరి ఎలా గడిచిందో చెప్పాలి. ఒక్కో లారీలో పదిహేను, ఇరవై మంది వ్యాపారుల సరుకు కలిపి వేస్తాం. అందులో ఒకరి పార్శిల్‌కి కోడ్ తప్పు పడితే మొత్తం లారీ ఫ్రాన్స్ రేవు కలేలో ఆగిపోతుంది. మాంసం, పాలు, చేపల సరుకైతే పశువైద్యుడి సంతకంతో సర్టిఫికెట్ కావాలి. డ్రైవర్లు మధ్యాహ్నానికి కట్టుకున్న హామ్ సాండ్‌విచ్‌లు కూడా నెదర్లాండ్స్ రేవులో తీసేసుకున్నారు, మాంసం నిబంధన కిందికి వస్తుందని. సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్ కూడా పురుగు పట్టకుండా వేడి చేసినట్టు ముద్ర ఉండాలి. ముద్ర లేని ప్యాలెట్ల మీద మొత్తం లోడు దించి మళ్ళీ ఎక్కించిన రాత్రులున్నాయి. మా సెక్షన్‌లో నలుగురం ఉండేవాళ్ళం, ఏడాదిలో పదకొండు మంది అయ్యాం. నా జీతమూ పెరిగింది. కానీ ఆ ఏడుగురి జీతం కొత్తగా ఏదీ తయారు చెయ్యడానికి కాదు, నిన్నటిదాకా అవసరం లేని కాగితం రాయడానికి. అది సరుకు కొనేవాడి జేబులోంచే వస్తుంది.

ఇంకో సంగతి. ఐరోపా బ్రిటన్ సరుకుని మొదటి రోజు నుంచే పూర్తిగా తనిఖీ చేసింది. బ్రిటన్ మాత్రం అటునుంచి వచ్చే ఆహారం మీద తనిఖీలని వాయిదా వేస్తూ వేస్తూ 2024లో మొదలుపెట్టింది. ధరలు పెరుగుతాయని భయం. అంటే మూడేళ్ళపాటు ఇక్కడి రైతుకి ఎగుమతి కష్టం, అక్కడి రైతుకి ఎగుమతి సులువు. సరిహద్దు మన చేతిలోకి తెచ్చుకుందాం అని గెలిచినవాళ్ళ హయాంలో ఇలా జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొత్తం మీద ఎంత నష్టం అంటే, బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ అంచనా: ఉండి ఉంటే చేరేదానికన్నా బ్రిటన్ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ. దీన్ని జాగ్రత్తగా చెప్పండి. ఆర్థిక వ్యవస్థ 4 శాతం పడిపోయిందని కాదు. పెరగవలసినంత పెరగలేదని. కోవిడ్, యుక్రెయిన్ యుద్ధంతో పెరిగిన గ్యాస్ ధరలు కూడా అదే కాలంలో వచ్చాయి, వాటిని బ్రెగ్జిట్ ఖాతాలో వేస్తే ఎదుటివాళ్ళు పట్టుకుంటారు. 2020 డిసెంబరులో కెంట్‌లో వేల లారీలు ఆగిపోయిన ఫొటోలు చాలామంది బ్రెగ్జిట్ అని చూపిస్తారు. అది కోవిడ్ కొత్త రకం వచ్చిందని ఫ్రాన్స్ సరిహద్దు మూసినప్పటిది. ఆ డ్రైవర్లకి గ్రేవ్జెండ్ గురుద్వారాలో వండి పంపారు, మా డ్రైవర్ ఒకాయన ఆ భోజనం గురించి ఇప్పటికీ చెబుతాడు.

లాభం వైపు మనకి నేరుగా సంబంధించినది భారత్‌తో ఒప్పందం. సభ్యదేశంగా ఉన్నన్నాళ్ళూ బ్రిటన్ సొంతంగా వాణిజ్య ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. సమాఖ్య భారత్‌తో 2007లో చర్చలు మొదలుపెట్టి ఏళ్ల తరబడి నానబెట్టింది. బయటికి వచ్చాక బ్రిటన్ చర్చించి 2025 జూలై 24న సంతకం చేసింది. స్కాచ్ విస్కీ మీద మన 150 శాతం సుంకం 75కి, పదేళ్ళలో 40కి తగ్గుతుంది. మన బట్టలు, తోలు వస్తువులు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే రొయ్యల లాంటివాటి మీద ఇక్కడి సుంకం పోతుంది. వైదొలగే పక్షానికి చేతిలో పెట్టి చూపించగలిగిన ఫలం ఇది. అయితే దీనివల్ల దీర్ఘకాలంలో ఏడాదికి వచ్చేది 480 కోట్ల పౌండ్లని బ్రిటన్ ప్రభుత్వమే లెక్కేసింది. దేశ ఆదాయంలో అది 0.1 శాతం స్థాయి. దాన్ని పైన చెప్పిన 4 పక్కన పెట్టి చూడండి. దూరంగా ఉన్న పెద్ద మార్కెట్ ఎంత పెద్దదైనా, రోజూ లారీ వెళ్ళొచ్చే పక్కింటి మార్కెట్‌కి సాటి రాదు.

వలసల్లో జరిగింది మాత్రం ఓటేసినవాళ్ళెవరూ ఊహించనిది. 2015లో నికర వలస సుమారు 3.3 లక్షలు. దాన్ని తగ్గిస్తామనే కదా ప్రచారం. 2021 నుంచి పాయింట్ల పద్ధతి పెట్టి ఐరోపావాళ్ళనీ మనవాళ్ళనీ ఒకే వరసలో నిలబెట్టారు. చదువు తర్వాత రెండేళ్ళు ఉండి పనిచేసే వీసా తిరిగి ఇచ్చారు. ఐరోపా నుంచి రాక తగ్గిపోయింది, భారత్, నైజీరియా లాంటి దేశాల నుంచి పెరిగింది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస 9 లక్షలు దాటింది. మన హైదరాబాద్, విజయవాడ పిల్లలు ఇక్కడి యూనివర్సిటీల్లో ఇంతమంది కనబడటానికి అది కూడా ఒక కారణం. ఆ తర్వాత మళ్ళీ బిగించారు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యాపిల్లల్ని తీసుకురాలేరు. ఉద్యోగ వీసాకి ఉండాల్సిన కనీస జీతం ఆ ఏప్రిల్‌లో 38,700 పౌండ్లకి, 2025లో 41,700కి వెళ్ళింది. ఇంకో మాట: ఐరోపా వలస ఆగితే దక్షిణాసియా వంటవాళ్ళకి వీసాలు సులువవుతాయని ప్రచారంలో కర్రీ రెస్టారెంట్ల యజమానులకి ఆశ పెట్టారు. చాలామంది నమ్మి ఓటేశారు. అనుకున్నట్టు జరగలేదు. మోసపోయారన్న మాట ఎవరికైనా సరిగ్గా అతుకుతుందంటే వాళ్ళకే.

మా సూపర్‌వైజర్ ఏమైందని మీరు అడుగుతారేమో. అప్పటికే ఇక్కడున్న ఐరోపావాళ్ళు ఉండిపోవడానికి పెట్టిన సెటిల్‌మెంట్ స్కీములో ఆమె ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టుకుంది, స్థిర నివాసం వచ్చింది. 2021 జూన్ గడువు నాటికి అలాంటి దరఖాస్తులు 60 లక్షలు దాటాయి. ఆ పని మాత్రం ఇక్కడి ప్రభుత్వం చాలావరకు సాఫీగా చేసింది. అయినా ఏడాది తిరక్కుండా ఆమె పిల్లల్ని తీసుకుని పోలండ్ వెళ్ళిపోయింది. "ఉండనిచ్చారు, కానీ అడిగి ఉండాల్సి వచ్చింది" అంది.

డ్రైవర్ గారు రిటైరయ్యారు. మళ్ళీ ఓటు పెడితే మళ్ళీ అలాగే వేస్తానంటారు, ఖర్చవుతుందని తెలిసినా. తన దేశాన్ని తన పార్లమెంటే నడపాలన్నది ఆయనకి డబ్బుతో తూచే విషయం కాదు. ఈ మాటని నేను గౌరవిస్తాను, అలా అనే హక్కు ఆయనకి ఉంది. నా అభ్యంతరం ఒక్కటే. ఆ ఖర్చు ఇంతని ముందే చెప్పి, ఇది కొనుక్కుంటారా అని ఆయన్ని అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఖర్చే లేదన్నారు.

ఇక మీ డిబేట్ సంగతి. వైదొలగడం సరైనదే అనే పక్షం వస్తే డబ్బు లెక్కల జోలికి పోకండి, ఓడిపోతారు. ఫాక్టర్‌టేమ్ కేసు, 1975 నుంచి 2016 దాకా జనాన్ని మళ్ళీ అడక్కుండానే మారిపోయిన సమాఖ్య స్వరూపం, పార్లమెంటుకి జవాబుదారీ, వీటి మీద నిలబడండి. బ్రిటన్ యూరో తీసుకోలేదు, సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీ లేని షెంగెన్‌లో లేదు, రిబేటు కూడా ఉంది, ఇంకేం కావాలి అని ఎదుటివాళ్ళు అంటారు. దానికి కామెరన్ 2016 ఫిబ్రవరిలో బ్రసెల్స్ నుంచి తెచ్చిన రాయితీలు ఎంత స్వల్పమో చెప్పండి. ఉండాల్సింది అనే పక్షం వస్తే ఓటర్లని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనకండి. తిరుప్పూర్ బట్టల కార్టన్ కథ చెప్పండి, మన శ్రోతలకి వెంటనే ఎక్కుతుంది. ఆ తర్వాత ఎదుటి పక్షాన్ని ఐర్లండ్ మ్యాప్ ముందు నిలబెట్టి అడగండి: బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ వెళ్ళే లారీని మీరు ఎక్కడ ఆపుతారు?